భూమి ఇవ్వకుండా అప్పు ఇచ్చారు: శ్రీలంక అధ్యక్షుడికి ఒక ఉత్తరం

గౌరవనీయులైన శ్రీలంక అధ్యక్షులు అనుర కుమార దిస్సనాయకె గారికి,

నమస్కారం. నేను మీ ఓటరును కాను, మీ దేశస్థుణ్ణీ కాను. గోదావరి జిల్లాల్లో పాతికేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. డ్వాక్రా గ్రూపులకు అప్పులివ్వడం, వాయిదాలు రాబట్టడం నా ఉద్యోగం. పొరుగు దేశం సంగతి నీకెందుకయ్యా అని మీవాళ్లు అడగొచ్చు. అడిగితే అడిగారు. నాకు కాస్తోకూస్తో తెలిసిన విషయం మీ దేశంలో కనబడింది, అందుకే రాస్తున్నాను.

కిందటేడాది కొలంబో నుంచి ఏ-9 రోడ్డు మీద ఉత్తరాదిలో తమిళుల జాఫ్నాకి వెళ్లాను. మీ సైన్యానికీ తమిళ టైగర్లకూ యుద్ధం నడిచినప్పుడు ఏళ్లపాటు మూసుకుపోయిన ఆ రోడ్డు ఇప్పుడు నున్నగా ఉంది. రైలు కూడా 2014లో మళ్లీ జాఫ్నా చేరింది. ఆ పట్టాలు వేసింది మా భారత ప్రభుత్వ ఇర్కాన్ కంపెనీయే. 2009 మేలో తుపాకులు ఆగాక రోడ్లొచ్చాయి, బ్యాంకు బ్రాంచీలొచ్చాయి, వాటి వెనకే చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలూ వచ్చాయి.

జాఫ్నా దగ్గర వలికామం ప్రాంతంలో ఒకావిడ ఇంటికి వెళ్లాం. చెన్నైలో మూడేళ్లు ఉద్యోగం చేసినప్పుడు నేర్చిన అరకొర తమిళం నాది. ఆవిడ రేకు పెట్టెలోంచి రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట తీసింది. మూడు కంపెనీలవి. ఒకడు సోమవారం వస్తాడు, ఒకడు బుధవారం, ఇంకొకడు శుక్రవారం. మొదటి అప్పు వాయిదా కట్టడానికి రెండోది, దాన్ని తీర్చడానికి మూడోది. నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఇలాంటి కట్టలు మా జిల్లాలో ఎన్ని చూశానో. మొదటి అప్పు దేనికి తీసుకున్నావమ్మా అని అడిగాను. కోళ్లకి అంది. కోళ్లెక్కడ పెంచావంటే అద్దింటి పెరడు చూపించింది. నాలుగు నులకమంచాలు పడితే ఎక్కువ. సొంత భూమి లేక కాదు. నాలుగు కిలోమీటర్ల అవతల ఎర్రమట్టి చేను ఉంది, బావి ఉంది, ఉల్లి బాగా పండేదట. 1990లో ఊరు ఖాళీ చేయించినప్పటి నుంచి అది సైన్యం కంచె లోపలే ఉంది. పుట్టింటి వైపు చూపించినట్టు ఆ దిక్కుకి చెయ్యి చూపించింది.

అధ్యక్షా, యుద్ధం తర్వాత ఉత్తరాది లెక్కల్లో మొదటి పద్దే తప్పు పడింది. చేను పోగొట్టుకున్న మనిషికి పెట్టుబడి అప్పిచ్చారు. ఆవిడ ఆ డబ్బుతో ఏం చేయాలి?

కంచె మీ రక్షణ శాఖ చేతిలో ఉంది, అప్పుల నియంత్రణ మీ ఆర్థిక శాఖ చేతిలో. రెండు శాఖలకూ మంత్రి మీరే. ఒక శాఖ ఇంకో శాఖకి ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చోవాల్సిన పని కూడా లేదు.

మీరు ఏమీ చేయలేదని అనను. 2025 ఏప్రిల్‌లో జాఫ్నా దగ్గర పలాలి వైపు వాసవిలాన్ రోడ్డు మూడు దశాబ్దాల తర్వాత తెరిచారు. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకే వెళ్లాలి, నడిచి వెళ్లకూడదు, మధ్యలో బండి ఆపకూడదు అని అప్పుడు షరతులు పెట్టారు. తన పొలం పక్క నుంచి పోతూ ఆగి చూడకూడదంటే ఎలా? అదే ఏడాది మార్చిలో ఉత్తరాదిలో దాదాపు 5,900 ఎకరాల మీద గెజిట్ వేశారు. హక్కుదారులు కాగితాలతో రావాలి, లేదంటే ప్రభుత్వ భూమి అన్నారు. ఇల్లు కాలి, ఊరు మారి, విదేశాలకు చెదిరిపోయిన కుటుంబాలు దస్తావేజులు ఎక్కడి నుంచి తెస్తాయి? గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు, మంచిదే. అసలు ఎందుకు వేశారన్నది ఉత్తరాదిలో ఎవరూ మర్చిపోలేదు. కాంకేసన్‌తురై తీరంలో సైన్యం రిసార్టు నడుపుతుంటే భద్రత కోసమే భూమి ఉంచుకున్నాం అన్న మాట కూడా నమ్మబుద్ధి కాదు.

ఖజానా ఖాళీ అంటారేమో. 2022లో దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, ఐఎంఎఫ్ షరతులున్నాయి, నిజమే. కంచె తీయడానికి ఐఎంఎఫ్‌ని అడగక్కర్లేదు. 2017లో జాఫ్నా తీరంలోని మైలిట్టి చేపల రేవు 27 ఏళ్ల తర్వాత తిరిగిచ్చినప్పుడు దేశభద్రతకి ఏం ముంచుకొచ్చింది? (అక్కడి జాలర్ల వలలు చింపేస్తున్నది తమిళనాడు ట్రాలర్లు. ఆ తప్పు మావైపుది, దానికి ఉత్తరం ఢిల్లీకి రాయాలి.)

అప్పుల సంగతి. 2018లో కరువు జిల్లాల మహిళలకు లక్ష రూపాయల లోపు మైక్రోఫైనాన్స్ బాకీలు రద్దు చేశారు. 2021లో మళ్లీ హింగురక్‌గొడలో ఆడవాళ్లు సత్యాగ్రహానికి కూర్చున్నారు. వాళ్లది సింహళ ప్రాంతం. అప్పుకి భాషాభేదం లేదు. మా దగ్గర 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి వారం వాయిదాల్ని నెలకి మార్చారు, ఇంటిముందు వసూళ్లు ఆపించారు. ఆత్మహత్యల వార్తలు చదువుతున్న రోజులవి, ఆ పని చేయక తప్పలేదు. కానీ కంపెనీలు వెళ్లిపోయాక చాలా ఊళ్లలో పాత వడ్డీ వ్యాపారి నవ్వుతూ తలుపు తీశాడు. మమ్మల్ని కొంతైనా గట్టున పడేసింది అప్పటికే ఉన్న డ్వాక్రా గ్రూపులూ, వాటికి బ్యాంకులు నేరుగా అప్పిచ్చే లింకేజీ. మీరు కంపెనీల్ని కట్టడి చేసేముందు ఉత్తరాదిలో సహకార సంఘాలకి డబ్బు ఇవ్వండి. ముందు కట్టడి, తర్వాత చూద్దాం అంటే మా పొరపాటే మీరూ చేస్తారు.

ఇవన్నీ కొలంబోలో కూర్చుని తేల్చే పనులు కావు. 2013లో ఎన్నికైన ఉత్తరాది ప్రొవిన్షియల్ కౌన్సిల్ (మా రాష్ట్ర శాసనసభ లాంటిది) గడువు 2018 అక్టోబరులో తీరింది. అప్పట్నుంచి ఎన్నిక లేదు, మీరు నియమించే గవర్నరే అన్నీ. 1987లో ఆ కౌన్సిళ్లని మీ పార్టీ జేవీపీ గట్టిగా వ్యతిరేకించింది. 2006లో ఉత్తర, తూర్పు ప్రాంతాలు విడదీయాలని సుప్రీంకోర్టుకు వెళ్లిందీ మీవాళ్లే. అయినా 2024 నవంబరులో జాఫ్నా జిల్లా ఆరు సీట్లలో మూడు మీకిచ్చింది. ఆ ఓట్లు వేసినవాళ్లకి మీ పార్టీ చరిత్ర తెలియక కాదు. 1989 నాటికి దక్షిణాదిలో మీ పార్టీ తిరుగుబాటుని అణిచేస్తూ మీ కుర్రాళ్లని కనబడకుండా చేసినప్పుడు తల్లులు ఎలా తిరిగారో మీకు తెలుసు. ఉత్తరాదిన కిలినొచ్చిలో 2017 ఫిబ్రవరిలో, కనబడకుండా పోయిన పిల్లల ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న తల్లుల గురించి మీకు వేరే చెప్పాలా?

కౌన్సిల్ ఎన్నికకి తేదీ ప్రకటించండి. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు, ఏ నెలలో తిరిగిస్తారో తమిళంలో అచ్చువేసి ప్రతి పంచాయతీ గోడ మీద అంటించండి. ఆ జాబితాలో తన సర్వే నంబరు కనబడితే చాలు, సోమవారం వచ్చేవాడికి ఏం చెప్పుకోవాలో ఆవిడే చూసుకుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
రాజమహేంద్రవరం