మిర్రర్ పడవ కొన్న రాంబాబుకి

ఒరేయ్ రాంబాబూ,

ఇంగ్లండులో నువ్వు కొన్న పాత మిర్రర్ తెరచాప పడవ ఫోటోలు అందాయి. "బేరం మంచిదేనంటావా?" అని అడిగావు. ఎర్ర తెరచాప చూడ్డానికి భలేగా ఉంది గానీ, ఫోటో చూసి పాత పడవ బాగోగులు చెప్పలేంరా. సన్న స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాల్సిందే. ఎక్కడెక్కడ పొడవాలో రాస్తున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, సుధ చెల్లెమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఇందులో సగం తనకే.

ముందు దాని పుట్టుక తెలుసుకో, రోగాలన్నీ అక్కణ్ణుంచే. 1962లో డైలీ మిర్రర్ అనే బ్రిటిష్ పత్రిక పేరు మీద రూపొందిన పడవ ఇది. పడవల డిజైనర్ జాక్ హోల్ట్, టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే బారీ బక్‌నెల్ కలిసి గీశారు. అప్పట్లో ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఆ డబ్బుకి వచ్చేది పడవ కాదు, పడవ ముక్కలు. 5 మి.మీ. ప్లైవుడ్ అంచులకి కన్నాలు పొడిచి, రాగి తీగతో కుట్టి, కుట్టు మీద గాజునార పట్టీ వేసి పాలిస్టర్ రెసిన్ పూయాలి. అంటే నీ పడవని కట్టింది ఫ్యాక్టరీ కాకపోవచ్చు, ఏ గుమస్తాయో బడిపంతులో తన గ్యారేజీలో కట్టుకుని ఉంటాడు. కుట్లు ఓపిగ్గా వేశాడా, ఆదివారం సాయంత్రం హడావిడిగా కానిచ్చాడా అన్నది ఇప్పుడు నీకు తెలుస్తుంది.

పొడవు 3.3 మీటర్లు, ఒట్టి పడవ 45 కిలోల పైచిలుకు. ఇద్దరు పెద్దవాళ్ళకి ఇరుకే. కానీ మాస్ట్‌తో (చాపని నిలబెట్టే స్తంభం) సహా కొయ్యలన్నీ పడవలోనే పట్టేస్తాయి, చెరో పక్క పట్టుకుంటే మీరిద్దరే తిరగేసుకోవచ్చు. మరమ్మతు చేసుకునేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

ఇలాంటి చెక్క పడవని పాడుచేసేది అది తేలే నీళ్ళు కాదు, పైనుంచి పడి లోపల నిలిచిపోయే వాన నీళ్ళు. సముద్రపు ఉప్పుకి బూజు అంత తేలిగ్గా పెరగదు. మంచినీళ్ళు మూలల్లో నెలల తరబడి నిలిచాయా, ప్లైవుడ్ పొరలు అట్టముక్కలా విడిపోతాయి. కాబట్టి వాన నీరు ఎక్కడ నిలుస్తుందో అక్కడే వెతుకు: ముందు అడ్డపలక కింది మూలలు, డాగర్‌బోర్డు (పడవ పక్కకి జారకుండా నీళ్ళలోకి దించే పలక) పెట్టె అడుగున చుట్టూ, వెనక పలకకి చుక్కాని బిగించే చోటు, అంచుకర్రల కింద, మాస్ట్ కాలు ఆనే చోట. ముందు రూపాయి బిళ్ళతో, అదే మీ పెన్నీతో, తట్టి విను. మంచి చెక్క టక్‌మంటుంది, పుచ్చినది డబ్‌మని మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొన నొక్కు. 2 మి.మీ. కంటే లోపలికి దిగితే పెన్సిల్‌తో గీత గీసుకో. పెయింటు కొత్తగా నిగనిగలాడుతున్న చోట ఇంకో రెండు పోట్లు ఎక్కువ పొడు. అమ్మినవాడు అక్కడే ఎందుకు పూశాడో ఆలోచించు.

తరవాత గాలి అరలు. ముందూ వెనకా, రెండు పక్కలా ఉంటాయి, పడవ బోల్తాపడితే మిమ్మల్ని తేల్చేవి ఇవే. ఒక్కో అర కన్నానికి రబ్బరు గొట్టం పెట్టి నోటితో ఊదు, ఇంకొకరు అతుకుల మీద సబ్బునీళ్ళు పూస్తూ పోవాలి. బుడగ లేచిన చోట కారుతోంది. టైర్లకి గాలి కొట్టే యంత్రం మాత్రం పెట్టకు, అతుకులు ఫట్‌మంటాయి. ఇదే కారణంతో గట్టు మీద ఉన్నంతసేపూ అరల బిరడాలు తీసే ఉంచాలి. ఎండకి లోపలి గాలి వ్యాకోచించి గాజునార పట్టీని పైకి లేపేస్తుంది. నీళ్ళలోకి తోసే ముందు మళ్ళీ పెట్టాలి. అందరూ మర్చిపోయేది ఇదే. బిరడాలన్నీ ఒక తాడుకి గుచ్చి చుక్కాని పిడికి కట్టేసి ఉంచు. చుక్కాని చేతిలోకి తీసుకోగానే అవి వేలాడుతూ కనబడతాయి.

ఇక మరమ్మతు. తొందరపడితే పని పాడవుతుంది. పడవని బోర్లించి, చూరు కిందో గ్యారేజీలోనో గాలి ఆడేలా మూడు నాలుగు వారాలు ఆరనీ. తడి చెక్క మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి చేసే గట్టి జిగురు) వేస్తే తేమ లోపలే చిక్కుకుని పుచ్చు కొనసాగుతుంది. పుచ్చినదాన్ని కోసేటప్పుడు మొహమాటపడకు, మంచి చెక్క కనబడ్డాక కూడా ఇంకో 50 మి.మీ. కోసెయ్. కొత్త ప్లైవుడ్ ముక్క అతికేటప్పుడు అంచుల్ని మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలుగా చెక్కాలి, అంటే 5 మి.మీ.కి 40 మి.మీ. ఏటవాలు. అది చేతకాకపోతే లోపలివైపు ఒక అతుకుపలక వేసి దాని మీద అంటించు. అందంగా ఉండదు గానీ గట్టిగా ఉంటుంది. మన తాళ్ళరేవు పడవల్లోలా పలకల సందుల్లో దూది దట్టిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. అది లావుపాటి పలకల పడవకి. 5 మి.మీ. ప్లైవుడ్ అతుకులో ఏది దట్టించినా పలకలు విడిపోవడమే.

పాత పాలిస్టర్ పట్టీ గోరు పెడితే లేచి వస్తోందా? ఎంతవరకు లేస్తే అంతవరకు పీకేసి, 80 నంబరు సాండ్ పేపర్‌తో చెక్క కనబడేదాకా రుద్ది, 50 మి.మీ. గాజునార పట్టీని ఈసారి ఎపాక్సీతో వెయ్యి. ఎపాక్సీ పాతదాని మీద కూడా పట్టుకుంటుంది. పాలిస్టర్‌ని ఎపాక్సీ మీద వేస్తే సరిగ్గా పట్టుకోదు, అందుకని రెండోసారి అదే పాత రెసిన్ కొనకు.

ఎపాక్సీ కలపడం ఇద్దరి పని. ఒకరివి శుభ్రమైన చేతులు, ఇంకొకరివి మురికి చేతులు. శుభ్రమైన చేతులవాళ్ళు సీసాలు, కత్తెర, తలుపు గొళ్ళెం, ఫోను ముట్టుకుంటారు, మురికి చేతులవాళ్ళు రెసిన్ తప్ప ఇంకేదీ ముట్టుకోరు. రెసిన్, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) పాళ్ళు డబ్బా మీద 5కి 1 అని ఉంటే అంతే, 2కి 1 అని ఉంటే అంతే. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే గట్టిపడకపోగా జిగురుజిగురుగానే మిగిలిపోతుంది. కలిపాక లోతు కప్పులో వదిలెయ్యకు. దాని వేడి అదే పెంచుకుని పొగలొస్తుంది. వెంటనే వెడల్పు పళ్ళెంలో పలచగా పోసెయ్. 10 డిగ్రీల కంటే చలిగా ఉంటే ఆ రోజు పని మానెయ్. అంటించడానికైతే సిలికా పొడి కలిపి వేరుశనగ వెన్నలా చిక్కగా చెయ్యి. మైక్రోబెలూన్ పొడి సొట్టలు పూడ్చడానికే, బరువు మోసే అతుకులకి వద్దు. మర్నాడు పైన మైనంలా జిడ్డు తేలుతుంది. సాండ్ పేపర్ పట్టేముందు దాన్ని నీళ్ళతో, గిన్నెలు తోమే పీచుతో కడిగెయ్, లేకపోతే ఆ జిడ్డునే చెక్కలోకి రుద్దినట్టవుతుంది. చేతికి గ్లవ్స్, రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడకపోతే ఇక జీవితాంతం పడదు.

పెయింటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎపాక్సీ ఎండకి పాడవుతుంది కాబట్టి దాని మీద పెయింటో వార్నిషో ఉండి తీరాలి. వార్నిష్ అయితే మొదటి పూత పలచగా, మొత్తం ఐదారు పూతలు, మధ్యమధ్య 320 నంబరు కాగితం. తరవాత ఏటా రెండు పూతలు చాలు.

తాళ్ళూ తీగలూ చూడు. మాస్ట్‌ని నిలబెట్టే తీగల మీదుగా టిష్యూ కాగితం జార్చు. ఎక్కడ పీచు చిక్కుకుంటే అక్కడ పోగు తెగిందన్నమాట. ఒక్క పోగు తెగినా తీగ మార్చెయ్. చాప ఎత్తే తాడు సాగని పాలిస్టర్‌ది, 4 లేదా 5 మి.మీ. ఉండాలి. నైలాన్ సాగుతుంది, పడవ కట్టుకోవడానికి తప్ప వాడకు. చుక్కానిని పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పు ఉందో లేదో చూసుకో. అది లేకపోతే మొదటి బోల్తాకే చుక్కాని ఊడి అడుక్కి పోతుంది.

ఇప్పుడు నీళ్ళ మీదికి. ఇద్దరూ ముందు ఆర్‌వైఏ (బ్రిటన్‌లో తెరచాప పడవల సంస్థ) శిక్షణ లెవల్ 1, లెవల్ 2 చేసెయ్యండి. ఒక్కోటీ రెండు రోజులు. ఒక్క మాట విను: శిక్షణలో ఇద్దరూ ఒకే పడవ ఎక్కకండి. ఎక్కారా, ఎవరు ముందు చుక్కాని పట్టుకుంటే వాళ్ళే జీవితాంతం సరంగు, రెండోవాళ్ళు తాడు లాగే కూలీ. సొంత పడవలో కూడా గడియారం పెట్టుకుని 20 నిమిషాలకోసారి చేతులు మార్చండి. మీ లెస్టర్ దగ్గరున్న రట్లాండ్ వాటర్ జలాశయం చాలా పెద్దది, గాలి లేస్తే అలలూ లేస్తాయి. మొదట్లో ఏదైనా చిన్న చెరువు చూసుకోండి. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ లెక్కలో 3, అంటే 7 నుంచి 10 నాట్లు (గంటకి నాటికల్ మైళ్ళు), నేర్చుకోవడానికి హాయి. 4 అంటున్నారంటే గట్టు మీదే చాప కుదించి కట్టండి. 5 అయితే టీ తాగి ఇంటికి రండి. తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉండాలి. గాలి ఆగిపోవడం కూడా గాలి సమస్యే.

మిర్రర్ తేలిక పడవ, తోపు పోయిందా టక్కున ఆగిపోతుంది. కాబట్టి ఎదురుగాలికి తిరిగేముందు వేగం ఉండాలి. గాలికి మరీ దగ్గరగా ఒరుసుకుంటూ వచ్చి తిప్పితే మధ్యలో ఇరుక్కుంటారు, చాపలు రెండూ రెపరెపలాడుతూ వెనక్కి కొట్టుకుపోతారు. అప్పుడు చిన్న చాపని గాలికి ఎదురుగా పట్టుకుంటే ముక్కు పక్కకి తిరుగుతుంది. ఇద్దరూ మధ్య పలక దగ్గరే దగ్గరదగ్గరగా కూర్చోండి. వెనక బుడబుడమని నీళ్ళు పీల్చిన చప్పుడు వస్తోందంటే తోక మునిగి ఈడుస్తోందన్నమాట, ఓ జానెడు ముందుకి జరగండి. చప్పుడు ఆగిపోగానే పడవ కదలడం మీకే తెలుస్తుంది. పెద్ద చాప తాడుని క్లీట్‌లో బిగించెయ్యకు, చేతిలోనే ఉంచుకో. ఆ తాడుని ఇంగ్లీషులో షీట్ అంటారు, బట్ట అనుకునేవు. చాప ముందు అంచు రెపరెపలాడేదాకా వదిలి, ఆ రెపరెప ఆగేదాకా లాగు. అంతకంటే లాగితే గాలి వృథా.

వెనకగాలిలో చాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దాటేటప్పుడే బూమ్ (చాప అడుగు కొయ్య) తగిలి తలలు పగిలేది. డాగర్‌బోర్డు బాగా పైకెత్తి ఉంటే బూమ్‌ని కిందికి లాగే తాడు దానికి తగులుకుంటుంది కూడా. మొదటి నెల ఆ పని మానేసి, ఎదురుగాలి వైపు నుంచి చుట్టు తిరిగి రండి. ఎవరూ నవ్వరు, నవ్వితే నవ్వనీ.

మాటల సంగతి. "అది లాగు", "ఇటు కాదు, అటు" అన్న మాటలు పడవలో నిషేధించండి. వస్తువు పేరు, ఆ తరవాత పని: "చిన్న చాప, వదులు." తిరిగేటప్పుడు చుక్కాని మీదున్నవాళ్ళు "సిద్ధమా?" అనాలి, రెండోవాళ్ళు తాడు విప్పి పట్టుకున్నాకే "సిద్ధం" అనాలి. జవాబు రాకుండా తిప్పకూడదు. పడవలో మొగుడూ పెళ్ళాల గొడవల్లో చాలావరకు ఆ జవాబు వినకముందే తిప్పెయ్యడం వల్ల వచ్చేవే.

బోల్తా కొట్టడం కావాలనే నేర్చుకోండి, వెచ్చటి రోజున, కాపలా పడవ పక్కనుండగా. వెట్‌సూట్ వేసుకోండి. అక్కడ వసంతంలో నీళ్ళు 10 డిగ్రీలు కూడా ఉండవు, పడగానే ఊపిరి బిగుసుకుంటుంది. 50 న్యూటన్ల బాయన్సీ జాకెట్ (నీళ్ళలో తేల్చే జాకెట్) ఒంటికి బిగుతుగా ఉండాలి. పడ్డాక ముందు ఇద్దరూ పేర్లు పిలుచుకోండి, చాప కింద ఎవరూ లేరని తెలియాలి. పడవని వదలొద్దు, ఈదుకుంటూ గట్టుకి పోదామనుకోవద్దు. బరువైనవాళ్ళు, అంటే నువ్వే, డాగర్‌బోర్డు మీదెక్కి వెనక్కి వాలాలి. సుధ లోపలివైపు నీళ్ళలో పడవ పక్కనే తేలుతూ ఉండాలి. పడవ లేస్తూ తనని కూడా చేటలో గింజలా లోపలికి వేసుకుంటుంది. లేచిన పడవ మళ్ళీ అటువైపు పడకుండా తన బరువే ఆపుతుంది. నీళ్ళు తోడ్డానికి బకెట్ కావాలి, అది పడవకి కట్టి ఉండాలి.

ఒడ్డుకొచ్చాక చాపల్ని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి చుట్టండి, మడతలు వెయ్యొద్దు. పడవ ముక్కు పైకెత్తి, బిరడాలు తీసేసి, కవర్ కింద మధ్యలో ఒక దూలం పెట్టి గుడారంలా నిలబెట్టు. కవర్ పల్లంగా ఉంటే వాన నీరు చెరువవుతుంది, మళ్ళీ మొదటికే వస్తాం. పడవని నేలకి రెండు చోట్ల తాడేసి కట్టు, 45 కిలోలు గాలికి ఒక లెక్క కాదు.

శనివారం పొడిచి చూశాక డాగర్‌బోర్డు పెట్టె అడుగు, ముందు అడ్డపలక మూలలు దగ్గర్నుంచి ఫోటోలు తీసి పంపు. పెన్సిల్ గీతలు కనబడేలా తియ్యి. ఎన్ని చోట్ల మెత్తగా ఉందో చూసి, ఎంత ఎపాక్సీ కొనాలో చెబుతాను. అప్పటిదాకా ఎపాక్సీ కొనకు.

సుధకి నా ఆశీస్సులు.

నీ
శ్రీను