బ్యారెల్ కొనే ముందు వీసా చూసుకోవాలి

సంపాదకులకు,
నమస్కారం.

అమెరికాలోని తెలుగువారు కొందరు సెలవు దినాల్లో రైఫిల్ గురి సాధన చేస్తున్న తీరు గురించి మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు గ్యారేజీలోనే బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) మార్చుకోవచ్చని, కొత్త బ్యారెల్‌ను ఆన్‌లైన్‌లో కొంటే నేరుగా ఇంటికే పంపుతారని అందులో రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరు ఉండే రిసీవర్ భాగమే (కాల్చే యంత్రాంగం అమరే చట్రం) తప్ప బ్యారెల్ కాదు కాబట్టి, బ్యారెల్ కొనేవారి పూర్వాపరాలను ఫెడరల్ స్థాయిలో ఎవరూ తనిఖీ చేయరు. చట్టబద్ధంగా తుపాకీ కలిగిన వ్యక్తి తన రైఫిల్‌కు తానే బ్యారెల్ మార్చుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. అయితే ఆ వ్యాసం చదివే మనవారిలో చాలామంది హెచ్-1బి వీసా మీదో, చదువు కోసం ఎఫ్-1 వీసా మీదో ఉన్నవారన్న సంగతి వ్యాసకర్తకు తట్టినట్లు లేదు.

హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసా మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీని గానీ, తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. దీనికి ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ముఖ్యమైనది, ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు కలిగి ఉండడం. ఆ లైసెన్సు గడువు దాటిన మరుసటి రోజు నుంచి, అల్మరాలో తాళం వేసి పెట్టిన రైఫిలే యజమానిని నేరస్తుణ్ణి చేస్తుంది. అధీనంలో ఉంచుకోవడమంటే సొంతంగా కొనుక్కోవడమే కానక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్న మిత్రుడి రైఫిల్‌ను బ్యారెల్ మార్చి ఇస్తానని ఇంటికి తెచ్చుకుని వారం రోజులు ఉంచుకున్న హెచ్-1బి ఉద్యోగి కూడా ఈ నిబంధన పరిధిలోకి వచ్చే ప్రమాదం ఉంది. మన మెకానికల్ ఇంజనీర్లకు ఇలాంటి పనుల్లో ఉండే ఉత్సాహం తెలిసినవాణ్ణి కాబట్టి ఈ ఉదాహరణ చెబుతున్నాను. విడి బ్యారెల్‌ను అమ్మేవాడు వీసా సంగతి అడగడు. అడగలేదు కాబట్టి అనుమతి ఉన్నట్లేనని భావించడంలోనే చిక్కంతా ఉంది. 2022లో చేసిన చట్ట మార్పు తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. పైగా తుపాకీ నేరంలో శిక్ష పడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపివేయడానికి వలస చట్టంలో ప్రత్యేక నిబంధన ఉంది, గ్రీన్ కార్డు ఉన్నవారికీ అది వర్తిస్తుంది.

2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసును మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన ఒక యువకుణ్ణి విశ్వవిద్యాలయం తొలగించడంతో అతని వలస హోదా పోయింది. ఆ తర్వాత అతడు ఒక షూటింగ్ రేంజికి వెళ్లి కాల్పులు సాధన చేశాడు. దానికే కేసు నమోదై, జ్యూరీ అతణ్ణి దోషిగా తేల్చింది. నిషిద్ధ వర్గంలో తానున్న సంగతి నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో చెప్పి ఆ శిక్షను పక్కన పెట్టింది. ఈ తీర్పును చూసి ధైర్యం తెచ్చుకోవలసిన పని లేదు; తన వీసా ఏ తరగతిదో తనకు తెలియదని హెచ్-1బి ఉద్యోగి కోర్టులో వాదించడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

చట్టపరమైన అర్హత ఉన్నవారికి కూడా బ్యారెల్ పొడవు విషయంలో వ్యాసం సరైన హెచ్చరిక ఇవ్వలేదు. 1934 నాటి జాతీయ ఆయుధ చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గితే దానిని ముందుగా ప్రభుత్వం వద్ద నమోదు చేయించి, ఆమోదం వచ్చాకే బిగించాలి. అందుకు చెల్లించవలసిన 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు గానీ నమోదు బాధ్యతను తీసివేయలేదు. పన్ను పోయింది కాబట్టి నిబంధన కూడా పోయిందన్న మాట వినిపిస్తోంది, అది తప్పు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. మనవారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో, విడదీయగల మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను నిషిద్ధ జాబితాలో చేర్చేందుకు చూసే లక్షణాల్లో, కాల్చినప్పుడు వచ్చే మెరుపును తగ్గించే ఫ్లాష్ సప్రెసర్ బిగించేందుకు కొనకు మరలు చెక్కిన బ్యారెల్ కూడా ఒకటి. టెక్సాస్‌లో ఏ ఇబ్బందీ లేకుండా మార్చుకున్న బ్యారెల్, ఉద్యోగం మారి న్యూజెర్సీకి సామాను తరలించిన రోజున నేరానికి దారితీయవచ్చు.

ఇక పనితనం సంగతి. బ్యారెల్ మార్చడం తేలికేనని వ్యాసంలో రాశారు, బిగించడం వరకు అది నిజమే కావచ్చు. కానీ తూటాను వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్ మూసుకున్నప్పుడు దాని ముఖానికీ, బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చాంబర్‌లో అది ఆనుకునే చోటుకూ మధ్య ఉండవలసిన దూరం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. దీనినే హెడ్‌స్పేస్ అంటారు. పాత బోల్ట్‌కు కొత్త బ్యారెల్ జత చేసినప్పుడు ఈ దూరం హద్దులు దాటితే, పేలిన తూటా గొట్టం చిట్లి, వేడి వాయువులు కాల్చేవారి ముఖం వైపు రావచ్చు. దీనిని ప్రత్యేక గేజ్‌లతో కొలుస్తారు. ఆ గేజ్‌లు లేనివారు తుపాకులు మరమ్మతు చేసే లైసెన్సుదారు చేత చూపించుకోకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదని నా అభిప్రాయం.

అంతకంటే పెద్ద ప్రమాదం .300 బ్లాకౌట్ అనే రకం తూటా కోసం చేసిన బ్యారెల్‌తో వస్తుంది. మామూలుగా 5.56 రకం తూటాలు కాల్చే రైఫిల్‌కు బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు, అదే బోల్ట్‌తో, అదే మ్యాగజైన్‌తో ఈ తూటాను కాల్చవచ్చు. ఆ సౌలభ్యమే ప్రమాదం కూడా. రెండు రకాల బ్యారెళ్లు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, 0.308 అంగుళాల వ్యాసం ఉన్న బ్లాకౌట్ బుల్లెట్ పొరపాటున 5.56 రకపు 0.224 అంగుళాల బుల్లెట్ కోసం చేసిన బ్యారెల్‌లోకి చేరితే, అది ముందుకు పోయే దారి లేక రైఫిల్ చేతిలోనే పేలిపోతుంది. ఇటువంటి ప్రమాదాలు నిజంగా జరిగాయి. మ్యాగజైన్లకు వేర్వేరు రంగులు వేసి విడివిడిగా పెట్టుకునే అలవాటు అమెరికా షూటర్లలో వచ్చింది ఇందుకే. వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు.

ఆ వ్యాసానికి అనుబంధంగా వీసా నిబంధనను, రాష్ట్రాల తేడాలను ఒక వలస న్యాయవాది చేత రాయించి అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అందులో మరొక్క విషయం కూడా చేర్పించండి. మార్చగా మిగిలిన పాత బ్యారెల్‌ను, స్వదేశంలో లైసెన్సు తుపాకీ ఉన్న బాబాయికో మామయ్యకో పనికొస్తుందని సూట్‌కేసులో హైదరాబాద్‌కు తేవాలన్న ఆలోచన ఎవరికైనా కలగవచ్చు. అమెరికా నుంచి దానిని బయటికి తీసుకుపోవడానికి సాధారణంగా ఆ దేశ వాణిజ్య శాఖ ఎగుమతి లైసెన్సు కావాలి. మన ఆయుధ చట్టం, 1959 నిర్వచనం ప్రకారం తుపాకీ విడిభాగం కూడా తుపాకీయే కాబట్టి, దిగుమతి లైసెన్సు లేకుండా తెచ్చిన బ్యారెల్ శంషాబాద్‌లో కస్టమ్స్ వారికి దొరికితే ఆయుధాన్ని తెచ్చినట్లే లెక్క. ఆ మామయ్య దగ్గర తుపాకీ లైసెన్సు ఉన్నా అది బ్యారెల్ తెచ్చినవారిని కాపాడదు, మరమ్మతుకు వేరే లైసెన్సు ఉండాలి కాబట్టి ఆయన దానిని ఇంట్లో బిగించుకోవడానికీ వీల్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డాలస్, టెక్సాస్