అసలు కంటే కొసరు

నోవై, మిషిగన్
2025 ఏప్రిల్ 6, శ్రీరామనవమి

ఒరేయ్ మిత్రమా,

పానకం తాగి, వడపప్పు గిన్నె పక్కన పెట్టుకుని ఈ ఉత్తరానికి కూర్చున్నాను. నవమి పూట మీ లాస్ ఏంజిలెస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద రాస్తున్నానని మా ఆవిడ ఒకటే నవ్వు. తప్పు నాది కాదు కదా! ఉగాది నాడు శుభాకాంక్షలు చెబుదామని ఫోను చేస్తే, పచ్చడి ఎలా కుదిరిందని కూడా అడగకుండా "మీ డెట్రాయిట్ లయన్స్‌వాళ్లు పదిహేను గెలిచి రెండే ఓడారు, చివరికి ఏమి సాధించారు?" అని మొదలుపెట్టింది నువ్వు. నాలుగేళ్ల కిందటి ఆటగాళ్ల మార్పిడిలో లాభం ఎవరిదని గంటంపావు అరుచుకున్నాం. ఆఖరికి "ఛాంపియన్లకు ఇచ్చే ఉంగరం చూపించు, తరువాత మాట్లాడు" అని ఫోను పెట్టేశావు. ఫోనులో నీ గొంతే పెద్దది కాబట్టి ఇక కాగితం మీదే తేల్చుకుందాం. ఇక్కడైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు.

ముందు బాబాయిగారికి రెండు మాటలు. స్పీకరులో మన గోలంతా విని ఆయన "రాముడి పేరు పెట్టుకున్న జట్టును అలా తిట్టవచ్చా నాయనా" అన్నారు. రామ్స్ అంటే పొట్టేళ్లని ఇప్పటికైనా ఆయనకు చెప్పావా? "మనుషులను ఇచ్చిపుచ్చుకోవడం ఏమిటి, ఎడ్ల సంతలాగా" అని ఆయన అడిగినదానికి కూడా నువ్వు నీళ్లు నమిలావు. బాబాయిగారూ, అది ఎడ్ల సంతేనండీ. మన సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు, వీళ్లు ఫోన్లు పట్టుకుని ఆడతారు. ఆటగాడికి బదులుగా ఆటగాడినే ఇవ్వాలని లేదు, రాబోయే ఏళ్ల వంతులు కూడా ఇవ్వవచ్చు. ఏటా ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్లను జట్లు వరుసగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటేడు అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుది మొదటి వంతు, విజేతది ముప్పై రెండో వంతు. ఆ వంతును కూడా ముందే అమ్ముకోవచ్చు. చూలు గేదె కడుపులో ఉన్న దూడకు ఇప్పుడే బేరం కుదుర్చుకున్నట్టు. అది పెయ్యో దున్నో ఈనాక తెలుస్తుంది.

ఇక మన తగాదా. 2021 జనవరి ఆఖరి శనివారం రాత్రి. మా లయన్స్ మాథ్యూ స్టాఫర్డ్‌ను మీకు ఇచ్చింది. మీ రామ్స్ జారెడ్ గాఫ్‌ను, ఆ ఏటి మూడో రౌండు వంతును, 2022, 2023 మొదటి రౌండు వంతులను మాకు ఇచ్చింది. క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే బంతి విసిరి జట్టును నడిపేవాడికి, క్వార్టర్‌బ్యాక్‌నే ఇస్తూ మళ్లీ రెండు మొదటి రౌండు వంతులు ఎందుకు కలిపారు? స్టాఫర్డ్ అంత గొప్పవాడనా? కొంత అందుకే. మిగతాది గాఫ్‌ను వదిలించుకోవడానికి ఇచ్చిన ఎదురు డబ్బు. 2019లో మీవాళ్లే ఎగబడి అతనితో నాలుగేళ్లకు 13.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే మీ కోచ్ మెక్‌వేకు మొహం మొత్తింది. బొటనవేలికి శస్త్రచికిత్స జరిగిన పన్నెండు రోజులకే గాఫ్ సియాటిల్‌లో మధ్యలో దిగి ప్లేఆఫ్ (సీజను చివరి నాకౌట్) ఆట గెలిపించిన నెలలోనే అతన్ని సంతకు తోలారు. అతను వెళ్లాక కూడా మీ లెక్కల్లో 2.2 కోట్ల డాలర్లు ఊరికే కూర్చున్నాయి. అయినా పోతే పోయిందనుకున్నారు.

ఆ రాత్రి నువ్వు నాకు పంపిన సందేశం ఇంకా నా ఫోనులో ఉంది: "గాఫ్‌ను కొసరుగా పడేశాం, జాగ్రత్తగా దాచుకోండి." ఆ కొసరు అన్న మాటను మాత్రం మరిచిపోకు.

నీకు దక్కవలసింది నీకు ఇచ్చేస్తాను. 2022 ఫిబ్రవరి 13 రాత్రి మా ఇంట్లో పదిమందిమి కూర్చుని మీ రామ్స్ ఆడిన ఫైనల్, అదే సూపర్‌బౌల్, చూశాం. మా పక్కింటి పెద్దాయన కారు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. లయన్స్ 59-14తో క్లీవ్‌లాండ్‌ను చిత్తు చేసి చివరిసారి ఛాంపియన్ అయిన 1957లో ఆయనకు ఎనిమిదేళ్లు. ఆ రోజు తొమ్మిదో నంబరు నీలి చొక్కా వేసుకుని వచ్చాడు. స్టాఫర్డ్ మా దగ్గర పన్నెండేళ్లు తొడుక్కున్న చొక్కా అది. పదహారు ఆటలకు పదహారూ ఓడిన జట్టుకు 2009లో మొదటి వంతులో వచ్చి, విరిగిన వేళ్లతో, కుదేలైన భుజాలతో ఆడి, ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా గెలవకుండా వెళ్లిపోయినవాడు. సిన్సినాటి మీద ఆ చివరి దాడిలో ఒకవైపు చూస్తూ ఇంకోవైపు మీ ఆటగాడు కూపర్ కప్‌కు బంతి విసిరాడే, అప్పుడు పెద్దాయన సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. నిమిషం ఇరవై అయిదు సెకన్లు ఉందనగా టచ్‌డౌన్ (బంతిని అవతలివాళ్ల గోల్ గీత దాటించడం) పడి 23-20 అయ్యేసరికి, అత్తవారింట కూతురు సుఖంగా ఉందని కబురందిన తండ్రిలా కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి డెట్రాయిట్‌లో సగం ఊరు మీ జట్టుకే జై కొట్టింది.

కాబట్టి ఉంగరం కొనడానికి వెళ్లారు, ఉంగరం తెచ్చుకున్నారు. స్టాఫర్డ్ లేకపోతే అది వచ్చేది కాదని నేనూ ఒప్పుకుంటాను. మీ మేనేజరు లెస్ స్నీడ్ విజయయాత్రలో డ్రాఫ్ట్ వంతులను బూతు మాటతో తిట్టే చొక్కా వేసుకుని ఊరేగడం కూడా అతనికి చెల్లింది. (ఆ మాట బాబాయిగారికి చదివి వినిపించకు.)

కానీ ఉంగరం చూపిస్తేనే నమ్ముతానంటే దుష్యంతుడి మాటలా లేదూ? శకుంతల ఎదురుగా నిలబడి ఉంది. నువ్వు ఆమె ముఖం చూడకుండా వేలు చూస్తున్నావు.

నీ వాదనలో బలమైనది ఒకటి ఉంది. దాన్ని నువ్వు సరిగ్గా వాడుకోలేదు కాబట్టి నేనే చెబుతాను. "మేము వంతులు ఇచ్చాం, వాటితో మంచి కుర్రాళ్లను పట్టుకోవడం మీ మేనేజరు బ్రాడ్ హోమ్స్ తెలివి. దాన్ని బేరం ఖాతాలో ఎలా వేస్తావు?" అని అడిగితే నేను కాసేపు తడుముకునేవాడిని. నిజమే. మీరు ఛాంపియన్లు కావడంతో 2022 వంతు చిట్టచివరిదై ముప్పై రెండోది వచ్చింది. హోమ్స్ దానికి మరికొన్ని కలిపి మినసోటాకు ఇచ్చి పన్నెండో వంతుకు ఎక్కి, మోకాలు తెగి కుంటుతున్న జేమ్సన్ విలియమ్స్‌ను తీసుకున్నాడు. ఆ తరువాతి ఏడు మీరు అయిదు గెలిచి పన్నెండు ఓడారు. అంతకు ముందు ఏ ఛాంపియనూ అంతగా పడిపోలేదు. దాంతో 2023 వంతు ఏకంగా ఆరోది అయి కూర్చుంది. హోమ్స్ అక్కడి నుంచి పన్నెండుకు దిగి జమీర్ గిబ్స్‌ను, దిగినందుకు వచ్చిన ముప్పై నాలుగో వంతుతో శామ్ లపోర్టాను తీసుకున్నాడు. పరుగెత్తే ఆటగాడికి అంత ముందు వంతు వాడతారా అని దేశమంతా నవ్వింది. గుర్తుందా, నువ్వు ఎక్కువ నవ్వావు. గిబ్స్ కిందటి సీజనులో పరుగులో 1,412 గజాలు, మొత్తం మీద ఇరవై టచ్‌డౌన్లు చేశాడు.

సరే, ఇవన్నీ హోమ్స్ చేతి చలవే అనుకో. గిబ్స్‌ను తీసేయి, లపోర్టాను తీసేయి, మొత్తం ఖాతా కొట్టేయి. అప్పుడు మిగిలేది నువ్వు కొసరుగా పడేసిన గాఫ్ ఒక్కడే. నా దావా అంతా అతని మీదే.

అతను వచ్చిన తొలి ఏడు మా బతుకు ఎలా ఉండేదో నీకు తెలుసు. పది ఓటములు, ఒక సమం, ఒక్క గెలుపూ లేదు. డిసెంబరు 5న మినసోటాతో ఆట. దానికి ముందు మంగళవారమే మా పక్కనున్న ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో కాల్పులు జరిగి నలుగురు పిల్లలు చనిపోయారు. మా పెద్దమ్మాయి వారమంతా బడికి వెళ్లడానికి భయపడింది. ఆ ఆదివారం ఇంట్లో ఎవరికీ ఆట చూసే మనసు లేదు, టీవీ ఊరికే మోగుతోంది. గడియారం సున్నాకు చేరుతుండగా గాఫ్ విసిరిన బంతిని పదకొండు గజాల దూరంలో మా ఆటగాడు సెయింట్ బ్రౌన్ గోల్ గీత మీద పట్టుకున్నాడు. 29-27. గాఫ్ పిచ్చివాడిలా పరుగెత్తాడు. ఆట అయ్యాక మా కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఆ గెలుపు బంతిని ఆక్స్‌ఫర్డ్ వాళ్లకు అంకితమిస్తూ చనిపోయిన పిల్లల పేర్లు చదివాడు. మా అమ్మాయి అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. ఇలాంటివి ఏ పట్టికలో వేస్తారో నాకు తెలియదు. ఆ సాయంత్రం నుంచి మాత్రం గాఫ్ మాకు కొసరు కాదు.

ఆ తరువాత 2024 జనవరి 14. దైవం కావాలని రాసినట్టు, ముప్పై ఏళ్ల తరువాత డెట్రాయిట్‌కు వచ్చిన మొదటి ప్లేఆఫ్ ఆట మీతోనే, అందులోనూ స్టాఫర్డ్‌తోనే. ఆ టికెట్ల ధర చూసి మా ఆవిడ "ఈ డబ్బుతో నలుగురం ఇండియా వెళ్లి రావచ్చు" అంది. అందుకని పెద్దాయన ఇంట్లోనే చూశాం. క్రిస్మస్‌కు ఆయన భార్య గాఫ్ పదహారో నంబరు చొక్కా కొనిపెట్టింది. దాన్ని వేసుకున్నాడు, కింద తొమ్మిదో నంబరుది కూడా ఉంచుకున్నాడు. "బయట చలి కదా" అన్నాడు. మేము కూర్చున్నది హీటరు పక్కన.

స్టాఫర్డ్ మైదానంలోకి రాగానే జనం అరిచి గోల చేశారు. నాకు అది నచ్చలేదు, పెద్దాయనకు అసలే నచ్చలేదు. మీవాడు 367 గజాలు విసిరాడు. మావాడు 277. లెక్కల్లో నువ్వే గెలిచావు. కానీ మావాడు ఇరవై ఏడు విసిరితే ఇరవై రెండు చేరాయి, ఒక్కటీ శత్రువు చేతికి పోలేదు. మా మూడు టచ్‌డౌన్లలో రెండు గిబ్స్, లపోర్టాలవి. అంటే మీ వంతులతో మీ మీదే వేసినవి. 24-23. ఒక్క పాయింటు! ఆట ముగించడానికి ఇంకొక్క ఫస్ట్ డౌన్ (బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లడం) కావాలి. అందరూ బంతిని గిబ్స్‌కు ఇచ్చి కాలక్షేపం చేస్తారని అనుకుంటుంటే, క్యాంప్‌బెల్ గాఫ్‌ను విసరమన్నాడు. ఎదురు డబ్బిచ్చి తోలేసిన ఎద్దును గెలుపు అంచున కాడి మోయమన్నాడు. పదకొండు గజాలు, మళ్లీ సెయింట్ బ్రౌన్ చేతుల్లోకి. మెక్‌వే అవతలి అంచున నిలబడి చూస్తున్నాడు. అరవై వేల మందికి పైగా జనం "జారెడ్ గాఫ్, జారెడ్ గాఫ్" అని ఒకే గొంతుతో అరిచారు.

ఒకరి అరకకు మొరాయించిన ఎద్దు ఇంకొకరి దగ్గర ఎందుకు సాఫీగా నడుస్తుందో బాబాయిగారిని అడుగు. ఆయనకు మెక్‌వే కంటే బాగా తెలిసి ఉంటుంది. నాకు తెలిసినంతలో చెబుతాను. మెక్‌వేకు తన బొమ్మను తాను గీసినట్టే ఆడేవాడు కావాలి, బొమ్మ చెదిరితే అప్పటికప్పుడు కొత్తది గీయగలవాడు కావాలి. గాఫ్ అలాంటివాడు కాడు. ముందు గట్టి లైన్ నిలబెట్టి, నిలబడటానికి చోటు ఇస్తే చెప్పినచోట బంతి పెడతాడు. మావాళ్లు ఆ గోడ కట్టారు. కిందటి సెప్టెంబరులో సియాటిల్ మీద పద్దెనిమిది విసిరి పద్దెనిమిదీ చేర్చాడు. ఒక ఆటలో ఒక్కటీ తప్పకుండా అన్ని చేర్చినవాడు అంతకు ముందు లేడు. నాలుగేళ్లకు 21.2 కోట్ల డాలర్లతో మావాళ్లు అతన్ని ఉంచుకున్నారు. మీరు ఎదురు డబ్బిచ్చి పంపిన మనిషికి మేము కట్టిన ఖరీదు అది.

ఈ జనవరిలో ప్లేఆఫ్‌లో మేము వాషింగ్టన్ చేతిలో ఓడిన సంగతి ఎత్తుతావని తెలుసు. 45-31. గాఫ్ మూడు బంతులు అవతలివాళ్లకు ఇచ్చాడు, ఒకటి చేజార్చాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అది మాకు కడుపుకోత, దాచను. కానీ మరునాడే మీవాళ్లు ఫిలడెల్ఫియా మంచులో 28-22తో ఓడారు కదా. అప్పుడు నేను నీకు ఫోను చేసి ఉంగరం అడిగానా?

అసలు కంటే కొసరు ముద్దని మనవాళ్లు ఊరికే అనలేదు. మీరు అసలుతో ఒక రాత్రి కొనుక్కున్నారు. గొప్ప రాత్రే. కొసరుతో మాకు ఇప్పటికి మూడేళ్లుగా ప్రతి ఆదివారం పండుగ. అందుకే బేరం మాదే అంటున్నాను, ఏమనుకుంటావో అనుకో.

పందెం మాట మరిచిపోలేదు. అయిదేళ్లు ఆగి చూద్దాం, ఓడినవాడు అవతలివాడింటికి వచ్చి వండిపెట్టాలని అనుకున్నాం. గడువు వచ్చే జనవరికి. ఈలోగా ఈ సీజనులో మావాళ్లు మీ ఊరికే వస్తున్నారు, తేదీ మే నెలలో చెబుతారట. తెలియగానే టికెట్లు నువ్వు కొను. గోంగూర పచ్చడి మా ఆవిడ చేత పట్టించి నేను తెస్తాను. బాబాయిగారు అప్పటికి ఊరు వెళ్లిపోతారంటే ఆయన వాటా ముందుగానే పంపిస్తాను, కారం తగ్గించమంటారేమో కనుక్కో.

పదహారో నంబరు చొక్కా వేసుకునే విమానం దిగుతాను. గుర్తుపట్టనట్టు పక్కకు తిరిగావంటే ఊరుకోను.

నీ
నోవై మిత్రుడు