బీర పువ్వు విచ్చేది సాయంత్రం

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ దాటగానే చాలా ఇళ్లలో పెరటి పాదులు పీకేస్తున్నారు. బీర, సొర పిందెలు వేలెడైనా ఎదగకుండా పసుపుబారి రాలుతుంటే ఎండదెబ్బ అనుకుని పొద్దస్తమానం నీళ్లు పోస్తున్నారు. చాలాసార్లు లోపం పుప్పొడి అందకపోవడం. బీర, సొర పువ్వులు విచ్చేది సాయంత్రం. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే విచ్చి, ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. అందుకే పొద్దున్నే బీర పాదు దగ్గర ఎంత శ్రమపడినా కాయ నిలవదు. సాయంత్రం ఐదారు గంటలకు, కింద పిందె లేని మగపువ్వు తుంచి, రేకులు తీసి, ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. మంచి ఎండల్లో మగపూలే ఎక్కువ పూస్తాయి, అంతమాత్రాన పాదు గొడ్డుపోయినట్టు కాదు.

నీళ్లు పోసే ముందు ఆకును చూడాలి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే మొక్కకు నీరు చాలినట్టే. పొద్దున్నే వాలి, మట్టి పొడిగా ఉంటేనే దాహం. మట్టి తడిగా ఉండీ వాలిందంటే వేరు కుళ్లుతోంది, అప్పుడు ఇంకా పోస్తే చచ్చిపోతుంది. నేల కనబడకుండా రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరచండి, కాండానికి మాత్రం ఆననీయకండి. పాదుల మధ్య రంగు వేయని మట్టికుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే వేళ్లకు చెమ్మ నిదానంగా అందుతుంది. మూత లేకపోతే దోమలు చేరతాయి. నీళ్లు చల్లబడటం మానేసిన పాత కుండ ఈ పనికీ రాదు, దాని సన్న రంధ్రాలు పూడిపోయి ఉంటాయి.

35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలుతుంది, పాలకూర, కొత్తిమీర త్వరగా పూతకు వస్తాయి. వాటితో కుస్తీ పడేకన్నా తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకోవడం మేలు. వంకాయ ఆకు కింద సన్నటి బూజుగూడు కనబడితే అది ఎర్రనల్లి అనే చిన్న పురుగు పని. పొద్దున్నే ఆకు అడుగుభాగానికి నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

బెండకాయలు రోజు విడిచి రోజు కోయాలి. ముదిరిన కాయ చెట్టు మీదుంటే కొత్త పూత తగ్గుతుంది. మిగిలిన గోరుచిక్కుడు ఈనెలు తీసి, ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండబెడితే ఒరుగులు. కొంచెం మెత్తగా ఉండగా డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. సొరకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదైతే మొత్తం పారేయాలి. ఆ చేదు విషం ఉడికించినా పోదు, రసం తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

మీకొక విన్నపం. పెరటి సలహాలు ఎండలు ముదిరాక వేస్తే ఆ ఏటికి అక్కరకు రావు. వేసవి పాదులకు గింజ పడాల్సింది సంక్రాంతి దాటిన వెంటనే, తొలకరి పాదులకు మృగశిర కార్తెలో. ప్రతి కార్తెకు వారం ముందు మీ జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి