చెంచాలో నిలిచేంత చిక్కగా

చి.ల.సౌ. పద్మజకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. తొలకరి పడింది. తియ్యగుమ్మడి పాదు ప్రహరీ దాటి సూర్యంగారి కప్పు మీదికి పాకింది. కాయలు వాళ్లవే అన్నాను, ఒప్పుకోవడం లేదు.

ఫోను చేస్తే చిట్టి ఏడుస్తోందని పెట్టేస్తున్నావు. ఈ మధ్య అసలు ఎత్తడమే లేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకో.

విజయ పిన్ని పుణె నుంచి తిరిగి రాగానే మన ఇంటికి వచ్చింది. చిట్టికి కింద రెండు పళ్లు వచ్చాయట! ఆదివారం పూట క్యారెట్, ఆపిల్ ఉడికించి, మెత్తగా గుజ్జు చేసి, వారానికి సరిపడా ఐసు ట్రేలలో పెడుతున్నావని చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ అంత ఓపిక పట్టడం చిన్న పని కాదు. ఆ పద్ధతి మంచిదే. గట్టిగా గడ్డకట్టాక ముక్కలను మూత ఉన్న డబ్బాలోకి మార్చి, చేసిన తేదీ రాసి పెట్టు. పూటకు కావలసినంతే తీసి పొగలు వచ్చేదాకా వేడి చేసి చల్లార్చు. ఎంగిలి చెంచా తగిలిన మిగులు దాచకు, పారెయ్యి. పాలకూర, బీట్‌రూట్ మాత్రం నిలవ పెట్టవద్దు, ఏ పూటకు ఆ పూటే చెయ్యి. అరటిపండు, బొప్పాయి అప్పటికప్పుడు గిన్నెలో మెదిపితే చాలు.

మీ నాన్నగారు రావులపాలెం మార్కెట్టు నుంచి చక్రకేళి గెల తెచ్చి, నీకు పంపుతానని పట్టుబట్టారు. పుణె చేరేలోపు నల్లబడతాయని చెప్పి ఆపాను. అక్కడ మామిడి ఇంకా దొరుకుతుంటే చూసి కొను. పైకి పసుపుపచ్చగా మెరుస్తూ, లోపల పుల్లగా, వాసన లేకుండా ఉంటే కార్బైడుతో పండించారేమోనని అనుమానించు. అది నిషేధించినదే, అయినా వాడేవాళ్లు వాడుతున్నారు.

పిన్ని ఇంకో మాట కూడా చెప్పింది. టీకాకు వెళ్లినప్పుడు చిట్టి బరువు పెరగాల్సినంత పెరగలేదని డాక్టరు అన్నారనీ, నువ్వు ఆటోలో ఏడ్చావనీ. పిన్ని లేనిది ఉన్నట్టు చెప్పే మనిషి కాదు. ఆ మాట నీ నోటితో చెప్పి ఉంటే బాగుండేది. సరే, అది అలా ఉంచు.

చెరువుగట్టు దగ్గర ఇంటి పిల్లాడు నీకు గుర్తుండడు, అప్పటికి నువ్వు హాస్టల్లో ఉన్నావు. నేను అంగన్‌వాడీలో పనిచేసిన రోజుల్లో, వాడికి తొమ్మిదో నెలలో బరువు చార్టు మీద గీత ఆకుపచ్చ దాటి పసుపులోకి దిగింది. తల్లి పొలం పనికి పోతే నాయనమ్మ పెంచేది. ఎంత శుభ్రం! గిన్నెలు వేన్నీళ్లతో కడిగేది, రోజుకు నాలుగుసార్లు పెట్టేది. మరి ఎందుకు పెరగడం లేదు? ఒక రోజు సరిగ్గా తినిపించే వేళకు వెళ్లి కూర్చున్నాను. ఆవిడ పప్పు ఉడికించింది, పైన తేరిన కట్టు వంచింది, అందులో అన్నం పిసికి గుడ్డలో వడకట్టింది. ఆ నీళ్లు ఉగ్గు గిన్నెతో పోసింది. అడుగున ఉన్న పప్పంతా ఇంట్లో పెద్దవాళ్లు తిన్నారు. నేను చెంచాతో కొంచెం తీసి వంచి చూపించాను, మొత్తం జారిపోయింది. "ఇది చెంచాలో నిలవాలి పెద్దమ్మా, అప్పుడే బిడ్డ ఒంట్లో నిలుస్తుంది" అన్నాను. గొంతుకు అడ్డం పడుతుందని ఆవిడకు భయం. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, పప్పు, అన్నం, గుమ్మడి ముక్క కలిపి మెత్తగా మెదిపి, అర చెంచా నెయ్యి వేసి పెట్టించాను. మొదటి ముద్ద నాలుకతో బయటికి నెట్టాడు. రెండోదీ అంతే. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా నెట్టాడంటే వద్దంటున్నాడని కాదమ్మా, వాడికి కొత్త అంతే, మళ్లీ రేపు పెట్టు అని చెప్పి వచ్చాను. తర్వాత చాలా రోజులు వెళ్తూనే ఉన్నాను. చలికాలం పోయేసరికి గీత మళ్లీ పైకి లేచింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, గుజ్జు పల్చనైతే పసిదాని చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. పళ్లూ కూరగాయలూ మంచివే, కానీ వాటితోనే సరిపోదు. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న ఇనుము ఆరో నెలకు తరిగిపోతుంది, ఆపిల్ గుజ్జు దాన్ని పూడ్చలేదు. కందిపప్పో పెసరపప్పో, రాగి జావో, అల్లుడుగారు తింటారు కనుక బాగా ఉడికిన గుడ్డో కలపాలి. పక్కన నాలుగు చుక్కల బత్తాయి రసం ఇస్తే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కొత్తది ఏదైనా ఒక్కటే మొదలుపెట్టి మూడు రోజులు చూడు. ఉప్పు ఏడాది దాకా, పంచదార రెండేళ్ల దాకా వద్దు. వదినగారు తేనె నాకిద్దామంటే మర్యాదగా ఆపు, ఏడాదిలోపు బిడ్డల పేగుల్లో అది విషం పుట్టించవచ్చు. నేను చెప్పానని చెప్పు, కోపం నా మీదికే రానీ. మిక్సీ కూడా కొద్దికొద్దిగా తగ్గించి పప్పుగుత్తితో మెదుపు, తొమ్మిదో నెలకు చిన్న పలుకులు నమలడం అలవాటు కావాలి. నీ పాలు మాత్రం మానిపించకు. రెండేళ్ల దాకా ఇవ్వవచ్చు.

పాఠం చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తున్నాను. ఇంతకీ నువ్వు ఏం తింటున్నావు? మధ్యాహ్నం బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నావని పిన్ని అంది. పాలిచ్చే తల్లివి, పొద్దున్నే అన్నం వండుకుని డబ్బాలో పట్టుకెళ్లు. డాక్టరు మాటకు నువ్వు తప్పు చేశావని అర్థం కాదు తల్లీ. బరువు కాగితం ఫోటో తీసి పంపు. పుట్టినప్పటి నుంచీ ఉన్నవన్నీ వరుసగా పంపు, ఒక్క నెల అంకె చూసి ఏమీ తేల్చలేం.

రాగులు నానబెట్టి, మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించాను. మొలకెత్తిన పిండి కనుక జావ ఊరికే బిగుసుకుపోదు, కాస్త ఎక్కువ పిండి వేసినా చిట్టి మింగగలదు. మీ నాన్నగారు రాజమండ్రి నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కు రెండు టికెట్లు చూస్తున్నారు. వద్దనకు. ఏ తేదీ అయితే అల్లుడుగారికి ఇబ్బంది ఉండదో కనుక్కుని శనివారంలోగా ఫోను చెయ్యి. మీ ఇంట్లో చిన్న కుక్కరు ఉందో లేదో కూడా చెప్పు, లేకపోతే ఇక్కడిది సంచిలో పెట్టుకుంటాను.

ఇట్లు,
అమ్మ