ఆ బోరింగుకు ఎర్ర రంగు మళ్లీ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఎండాకాలం మా ఊళ్లో నాలుగు రోజులు నల్లా రాలేదు, ఎక్కడో పైపు పగిలిందన్నారు. రెండో రోజుకే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బడి పక్కన ఉన్న పాత బోరింగు దగ్గర లైను కట్టారు. ఈ నీళ్లు తాగొద్దని గుర్తుగా ఒకప్పుడు దానికి ఎర్ర రంగు వేసి ఉండేది. ఇప్పుడు అదంతా లేచిపోయి హ్యాండిల్ కింద బోల్టు దగ్గర గోరంత ఎరుపు మిగిలింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకు ఏం తెలుస్తుంది? వద్దమ్మా అంటే "నీళ్లు తేటగనే ఉన్నయి గద మామా" అంది. తేటగానే ఉంటాయి, భయమంతా అదే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కాచితే పోదు సరికదా నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది.

ఆ నీళ్లే తాగిన మా అమ్మకు నలభై దాటకముందే నడుం వంగిపోయింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిరగక మనిషి మొత్తం తిరిగేది, అదీ గోడ పట్టుకుని.

అసలు ఆ బోర్లు వేసింది మా మంచికే. మా తాతల కాలంలో దిగుడు బావే దిక్కు, మెట్లు దిగి నీళ్లలో నిలబడి కడవ ముంచేవాళ్లు. ఆ నీళ్లతోనే నారికురుపు వచ్చేది. కాల్లోంచి బయటికొచ్చే పురుగును పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగేవాళ్లు, తెగిందా కాలు వాచి మంచాన పడ్డట్టే. దిగుడు బావులు మూసి చేదబావులు, బోరింగులు వచ్చాక ఆ బాధ తప్పింది, 2000లో మన దేశంలో ఆ రోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అది చిన్న విషయం కాదు. కాని మన దగ్గర భూమి కింద ఉన్నది గ్రానైటు, ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న సంగతి అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలితే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు పచ్చబడ్డాయి, మునుగోడు, దేవరకొండ వైపు నేల కాలువ కంటే ఎత్తు కాబట్టి మాకు అందలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు. పద్ధతి మంచిదే, కాని రోజూ కొలిచి కలిపి, తేరేదాకా ఆగి వంచుకోవాలి, పొద్దు పొడవకముందే కూలికి పోయే ఇంట్లో అది ఎన్నాళ్లు సాగుతుంది? 1996 పార్లమెంటు ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేసి, నల్లగొండలో ఏకంగా 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పుస్తకమంత అయ్యి పోలింగే వాయిదా పడింది. నీళ్ల కోసం అంత దూరం పోయిన జనం మేము.

2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వేశారు, తర్వాత కృష్ణ నీళ్లు మా వాకిట్లోకి వచ్చాయి. నా మనవరాలి పళ్లు తెల్లగా ఉన్నాయి. ఫోటో దిగేటప్పుడు గార పళ్లు కనపడకుండా పెదాలు బిగించే అలవాటు నాకింకా పోలేదు.

అందుకే అడుగుతున్నాను. నల్లా ఆగిన రోజే ట్యాంకరు పంపండి. ట్యాంకీ గోడ మీద నెల నెలా పరీక్షలో ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. పాత బోరింగులన్నీ మళ్లీ పరీక్ష చేసి, తాగరాని వాటికి రంగు వేయించండి. మా ఊరి వరకు రంగు డబ్బా, బ్రష్షు నేనే కొనిస్తాను, ఏ బోరులో ఎంత ఉందో ఆ లెక్క మాకిస్తే చాలు.

- మునుగోడు ప్రాంతం నుంచి ఒక పాఠకుడు