మంత్రి గారూ, ఆ నలుగురినీ రానివ్వండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

మా మూడో వినతిపత్రానికి కూడా ఆ రెండు మాటల జవాబే వచ్చింది: పరిశీలనలో ఉంది. మొదటిది 2023 డిసెంబరులో పంపాం. రెండోది ఆ మరుసటి వేసవిలో స్వయంగా వచ్చి ఇచ్చాం. ముద్ర వేయించుకున్న నకలు నా దగ్గర భద్రంగా ఉంది. ఆ రోజు మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నెల రోజుల్లో తేల్చేస్తామని చెప్పారు. ఆ మాట నమ్మి ఊరికి వచ్చి హాలు గోడలకు సున్నం వేయించాం. ఆ సున్నం ఇప్పుడు పెచ్చులూడుతోంది.

దస్త్రం మీ దగ్గరే ఉంది కనుక కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పను. నలుగురు చిత్రకారులు మన దేశానికి రావడానికి వీసా అనుమతి, 21 రోజులు, హైదరాబాదులో ఒక అద్దె హాలు, బడిపిల్లలతో కలిసి బొమ్మలు వేయడం. ఖర్చంతా మాది. ఒకరు యెమెన్ నుంచి, ఒకరు సూడాన్ నుంచి, ఒకరు సిరియా నుంచి, ఒకామె గాజా నుంచి. వాళ్ల పేర్లు దస్త్రంలో ఉన్నాయి. ఇక్కడ రాయను. ఇప్పుడున్న కష్టాలు వాళ్లకు చాలు.

అయ్యా, ఆ దరఖాస్తు ఫారం మీరు ఎప్పుడైనా వాళ్ల స్థానంలో కూర్చుని నింపి చూశారా? నేను చూశాను. ఫోనులో వాళ్లు చెబుతుంటే నా చేత్తోనే నింపాను. శాశ్వత చిరునామా అని ఒక గడి ఉంది. గాజా ఆవిడను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లున్న వీధి పేరు చెప్పాలా, ఇప్పుడు గుడారం ఉన్న చోటు చెప్పాలా అని తర్వాత నెమ్మదిగా అడిగింది. ఆ గుడారం కూడా అప్పటికి ఐదోసారి మారింది. వీధి పేరే రాశాను. ఆ వీధి ఇప్పుడు లేదు. తర్వాతి గడిలో ఆరు నెలల బ్యాంకు ఖాతా వివరాలు. ఆ తర్వాత చదువు పట్టా అసలు ప్రతి. సిరియా అతని పట్టా అలెప్పోలో ఇంటితో పాటే కాలిపోయింది. ఇచ్చిన కళాశాలకు రాసి మరో ప్రతి తెప్పించుకోమన్నారు. అతను రాశాడు, జవాబు రాలేదు. ఇక యెమెన్ అతని సంగతి. సనాలో మన రాయబార కార్యాలయం 2015లో ఖాళీ అయింది. అతను వేలిముద్ర ఇవ్వాలంటే ముందు మరో దేశానికి అనుమతి సంపాదించి వెళ్లాలి. మన అనుమతి కోసం అడగడానికే ఇంకొకరి అనుమతి కావాలి. ఏడాదిన్నర అందులోనే పోయింది. చివరి గడి దగ్గర నేనే ఆగిపోయాను. గడువు ముగిశాక సొంత ఇంటికి తిరిగి వెళ్తారని రుజువు చూపమని ఉంది. సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో ఇల్లు వదిలి మూడు సరిహద్దులు దాటిన మనిషిని ఆ రుజువు ఎలా అడగను? అడిగాను. ఆయన తన ఇంటి తాళంచెవి ఫొటో తీసి పంపాడు. దాన్ని కూడా దరఖాస్తుకు జతచేశాను. మీ కార్యాలయం దాన్ని సంబంధం లేని పత్రం అని రాసి తిప్పి పంపింది.

సంబంధం లేని పత్రం. ఆ మూడు మాటలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఎదురుచూడటం అంటే అక్కడ ఏమిటో మీకు ఒక్క మనిషి గురించి చెప్పాలి. గాజా చిత్రకారుడు ఫతీ ఘబెన్ పేరు మీరు వినే ఉంటారు. 1948 యుద్ధం నాటికి పసివాడు, ఊరు పోయి జబాలియా శరణార్థి శిబిరంలో పెరిగాడు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే పల్లె పొలాలు, పెళ్లిళ్లు, గుర్రాలు గీశాడు. బొమ్మల్లో పాలస్తీనా జెండా రంగులు వేశాడని 1980లలో జైల్లో పెట్టారు. 2023లో మళ్లీ యుద్ధం వచ్చేసరికి ఆయన ఊపిరితిత్తులు చెడిపోయి ఉన్నాయి. వైద్యం కోసం గాజా దాటి బయటికి వెళ్లనివ్వమని అడిగారు. ఊపిరి ఆడటం లేదని ఆయన బతిమాలుతున్న దృశ్యం ప్రపంచమంతా ఫోనుల్లో చూసింది. అనుమతి రాలేదు. 2024 ఫిబ్రవరిలో పోయారు, 77 ఏళ్ల వయసులో. ఆయన దస్త్రం మీద కూడా ఎక్కడో ఎవరో పరిశీలనలో ఉంది అనే రాసి ఉంటారు. ఆ దస్త్రం మీది కాదు, నాకు తెలుసు. ఆ నేరం మీ మీద మోపడం లేదు. కానీ మీ ఉత్తరం విప్పిన ప్రతిసారీ ఆ ముసలాయన ముఖమే కళ్ల ముందుకు వస్తోంది, ఏం చేయను?

హెబా జగూత్ సంగతి ఇంకా ముందు. బడిలో బొమ్మలు నేర్పే టీచరు, నాలాగే. జెరూసలేం గోపురాలనూ అల్లికల గౌనులు తొడిగిన ఆడవాళ్లనూ ముదురు రంగుల్లో గీసేది. 2023 అక్టోబరు 13న ఇద్దరు పిల్లలతో సహా బాంబు దాడిలో పోయింది. ఆ మరుసటి నెల గాజా నగరంలో నాటకాలకూ ప్రదర్శనలకూ నెలవైన రషాద్ షవా సాంస్కృతిక కేంద్రం శిథిలమైంది. మేము పిలిచిన ఆవిడ అక్కడే తొలి ప్రదర్శన పెట్టిందట. హెబా సంగతీ, ఆ కేంద్రం సంగతీ మా మొదటి వినతిపత్రంలోనే రాశాం. ఎవరైనా చదివారా?

మీ కార్యాలయంలో ఒక పెద్దమనిషి మాతో మర్యాదగానే ఒక మాట అన్నారు. ముందు అక్కడ యుద్ధాలు ఆగనివ్వండి, కళలు తర్వాత చూసుకోవచ్చు అని. ఆ మాట నన్ను ఇన్నాళ్లూ వదలలేదు. ఆయనకు అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతాను.

యుద్ధం ఆగేదాకా ఆగితే అక్కడ ఎవరూ ఏమీ చేసేవారు కాదు. సిరియా రాజధాని డమాస్కస్ పక్కన ఉన్న పాలస్తీనా శరణార్థుల యార్మూక్ శిబిరాన్ని ముట్టడించి తిండి అందకుండా చేసినప్పుడు అయ్‌హామ్ అహ్మద్ అనే యువకుడు తన పియానోను బండి మీద పెట్టుకుని కూలిన ఇళ్ల మధ్యకు తోసుకువెళ్లి వాయించాడు. చుట్టూ పిల్లలు నిలబడి పాడారు. 2015 ఏప్రిల్‌లో సాయుధులు ఆ పియానోను తగలబెట్టారు. ఆ ఏడాదే అతను సముద్రం దాటి జర్మనీ చేరాడు. ఆ ఏప్రిల్‌లోనే బాగ్దాద్‌లోని మన్సూర్ ప్రాంతంలో కారు బాంబు పేలింది. ఇరాక్ జాతీయ వాద్యబృందాన్ని నడిపిన కరీం వస్ఫీ మర్నాడు నల్ల సూటు వేసుకుని, చెల్లో వాద్యంతో వచ్చి, ఆ మసి మధ్యే కుర్చీ వేసుకుని వాయించారు. దారిన పోయేవాళ్లు ఆగి విన్నారు, ఏడ్చారు.

యెమెన్‌లో మురాద్ సుబై 2012లో సనా వీధి గోడల మీద తూటాల గుంతలున్న చోట రంగులు వేయడం మొదలుపెట్టాడు. అటుగా వెళ్లేవాళ్లు కుంచెలు అందుకున్నారు. ఆ తర్వాత మాయమైపోయిన మనుషుల ముఖాలను అవే గోడల మీద గీశాడు. కొడుకు ఏమయ్యాడో తెలియని తల్లులు ఆ గోడల దగ్గరకు వచ్చి నిలబడేవారు. 2015లో విమానాలు బాంబులు వేశాక, పిల్లలు చనిపోయిన ఇళ్ల శిథిలాల మీద కూడా బొమ్మలు వేశాడు. మేము పిలిచిన యెమెన్ కుర్రవాడు ఆ గోడల దగ్గరే కుంచె పట్టడం నేర్చుకున్నాడు.

సూడాన్ పెద్ద చిత్రకారుడు ఇబ్రహీం అల్ సలాహీని 1975లో ఏ అభియోగమూ లేకుండా ఖార్తూమ్ జైల్లో ఆరు నెలలకు పైగా ఉంచారు. కాగితం, పెన్సిలు దొరికితే శిక్ష. ఆయన చిన్న చిన్న కాగితం ముక్కల మీద గీసి ఇసుకలో పాతిపెట్టుకునేవారు. 2013లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో ఆయన జీవితకాలపు చిత్రాలన్నీ ప్రదర్శించారు. ఇప్పుడు ఆయన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి మళ్లీ యుద్ధం. ఖార్తూమ్ జాతీయ మ్యూజియాన్ని దోచుకుని అల్మరాలు ఖాళీ చేశారు. మేము పిలిచిన ఆయన ఆ మ్యూజియంలో పిల్లలకు విగ్రహాలు చూపించి వివరించే ఉద్యోగం చేసేవాడు. ఏ అరలో ఏ విగ్రహం ఉండేదో ఇప్పటికీ కళ్లు మూసుకుని గీసి పంపుతాడు. ఆ కాగితాలు పదిహేడు నా బల్ల మీద ఉన్నాయి.

గాజాలోనే ఒక సంగీత గురువు, తల మీద ఆగకుండా తిరిగే డ్రోన్ రొదను శ్రుతిగా పెట్టుకుని గుడారాల దగ్గర పిల్లలతో పాడించారు. మన పిల్లలకు శ్రుతిపెట్టె ఉంటుంది. వాళ్లకు ఆ రొదే ఉంది. భయపెట్టే ఆ చప్పుడులోంచి స్వరం పట్టుకుని వాళ్లు పాడుతుంటే విన్నాక, కళలు తర్వాత అనే మాట మీ పెద్దమనిషి మళ్లీ అనగలరా?

బొమ్మలతో, పాటలతో యుద్ధాలు ఆగిపోతాయని నేను అనడం లేదు. పాలస్తీనా రచయిత ఎడ్వర్డ్ సయీద్, ఇజ్రాయెల్ సంగీతకారుడు డేనియల్ బారెన్‌బోయిమ్ కలిసి 1999లో జర్మనీలోని వైమార్‌లో అరబ్, ఇజ్రాయెలీ యువకులతో ఒక వాద్యబృందం పెట్టారు. పాతికేళ్లు దాటింది. శాంతి రాలేదు. అన్యాయాన్ని తీయని సంగీతంతో కప్పిపుచ్చడమేనని దాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల కోపాన్ని నేను కాదనలేను. కానీ 2005 ఆగస్టులో ఆ బృందం పాలస్తీనా పట్టణం రామల్లాలో వాయించింది. ఎలా వెళ్లగలిగారో మీకు తెలుసా? ఇజ్రాయెల్ పిల్లలు రామల్లాకు వెళ్లకూడదు. సిరియా, లెబనాన్ పిల్లలు ఇజ్రాయెల్ కాపలా దాటకూడదు. అప్పుడు స్పెయిన్ ప్రభుత్వం ఆ కళాకారులందరికీ తన దౌత్య పాస్‌పోర్టులు ఇచ్చింది. యుద్ధంలో లేని ఒక దేశం, ఎవరూ బలవంతపెట్టకుండానే, వాళ్లు తన మనుషులని చెప్పి దాటించింది. నేను మిమ్మల్ని దౌత్య పాస్‌పోర్టులు అడగడం లేదు. మూడు వారాల అనుమతి అడుగుతున్నాను.

ఆ పని మన దేశానికి చేతకానిది కాదు. 2015లో యెమెన్ మీద బాంబులు పడుతుంటే మన ఓడలూ విమానాలూ వెళ్లి 4,600 మందికి పైగా భారతీయులతో పాటు, 900 మందికి పైగా విదేశీయులను కూడా తీసుకొచ్చాయి. ఆ రోజు ఓడ ఎక్కేవాళ్లను ఏ దేశం అని చూసి ఆపలేదు. ఆ వార్త చదివి గర్వపడినవాళ్లలో నేనూ ఉన్నాను. 1932లో రవీంద్రుడు ఇరాక్ వెళితే రాజు ఫైసల్ తన అతిథిగా ఆదరించాడు. ఆ మర్యాద తిరిగి ఇవ్వాల్సిన చెయ్యి ఇప్పుడు మీది.

ఈ నలుగురిని హైదరాబాదుకే ఎందుకు పిలిచారని ఒక ఉత్తరంలో అడిగారు, దానికీ జవాబు రాశాం. మళ్లీ రాస్తాను. నిజాం కొలువులో సైనికులుగా చేరిన యెమెన్ హద్రమౌత్ వాసుల మనవలు, మునిమనవలు ఇప్పటికీ హైదరాబాదులోని బార్కస్ ప్రాంతంలో ఉన్నారు. మా పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా దరువు ఆ అరబ్బుల, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల చేతుల మీదుగా వచ్చింది. 1888లో ఇక్కడ పుట్టిన దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ అరబ్ దేశాల్లోనూ సులభంగా దొరకని పాత అరబ్బీ రాతప్రతులను అచ్చువేసింది. ఉస్మానియాలో యెమెన్, ఇరాక్, సూడాన్ విద్యార్థులు మా పిల్లల పక్కనే కూర్చుని చదువుకున్నారు. మా ఇళ్ల నుంచి వెళ్లిన అన్నదమ్ములు గల్ఫ్‌లో వాళ్ల మధ్యే బతుకుతున్నారు. వాళ్లు మాకు పరాయివాళ్లు కారు.

భద్రత విషయం మీరు చూడాలి. చూడవద్దని ఎవరూ అనడం లేదు. వాళ్ల గురించి మీకు ఏ అనుమానం ఉన్నా అడగండి, రాత్రి పన్నెండుకైనా లేచి జవాబు రాస్తాం. ఒకరి దరఖాస్తు సరిపోదనుకుంటే కారణం చెప్పి తిరస్కరించండి, బాధపడతాం గానీ అర్థం చేసుకుంటాం. కానీ ఔననకుండా, కాదనకుండా, ఏమీ అడగకుండా రెండేళ్లకు పైగా ఊరుకోవడం ఎందుకు? వాళ్లు ప్రతి ఆదివారం ఫోను చేస్తారు. ఏమైనా తెలిసిందా అని అడగరు, మొహమాటం. మా పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతారు. పిల్లలు బొమ్మలు వేస్తున్నారని చెబుతాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోము.

గాజా ఆవిడ విషయంలో ఇంకొక్క మాట. అక్కడి సరిహద్దు మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ బయటికి వచ్చే దారి ఏదో ఒక వారం తెరుచుకుంటే, ఏ దేశం పిలిచిందో చూపే కాగితం ఆవిడ చేతిలో అప్పటికే ఉండాలి. దారి తెరిచాక పరిశీలన మొదలుపెడితే అది మళ్లీ మూసుకుంటుంది. అందుకని ఆవిడ కాగితం ముందు ఇవ్వండి. మిగతా ముగ్గురివి తర్వాత ఇచ్చినా ఫరవాలేదు. వాళ్లే నాతో ఈ మాట చెప్పమన్నారు, ముగ్గురూ, విడివిడిగా.

గోడలకు ఈ నెలలో మళ్లీ సున్నం వేయిస్తున్నాం. నాలుగు గోడలు, ఒక్కొక్కరికి ఒకటి. తూర్పు గోడ గాజా ఆవిడది, వెలుతురు ఎక్కువ కావాలని అడిగింది కనుక. ఏ తేదీకి సిద్ధం చేయాలో చెప్పండి.

ఇట్లు,
ఒక డ్రాయింగు టీచరు,
హైదరాబాదు